సొంతానికా, అమ్మకానికా

పొగమంచు కాలం వచ్చిందంటే రేవులోని సుంకం గది నేల మీద ఉన్నట్టే ఉండదు. కిటికీలోంచి చూస్తే కింది మెట్లు కనబడవు. మెట్ల కింద నది కనబడదు. నది అవతల ఉన్న దేశం అసలే కనబడదు. ఆ తెల్లదనంలోంచి ముందు లాంచీ ఇంజను చప్పుడు వస్తుంది, తర్వాత కిరసనాయిలు వాసన వస్తుంది, ఆ తర్వాతే మనుషులు వస్తారు. గుమాస్తాకు ఈ వరస ఎంత అలవాటైపోయిందంటే, ఎప్పుడైనా వాసన రాకుండా మనిషి వస్తే, ఇతను నిజంగా వచ్చాడా, నేను కునికిపాట్లు పడుతున్నానా అని ఒక్క క్షణం అనుమానించేవాడు.

ఈ ఒడ్డున కిరసనాయిలు అమ్మడం సర్కారు మానేసి చాలాకాలమైంది. గ్యాసు బండకు చెప్పి పెడితే ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి. అవతలి ఒడ్డున రెండూ కొట్లోనే దొరుకుతాయి. అందుకని జనం లాంచీ ఎక్కి వెళ్ళి తెచ్చుకుంటారు. తెచ్చుకోవడానికి నిబంధన కూడా ఒప్పుకుంటుంది. ఇంటికి నెలకు ఒక డబ్బా కిరసనాయిలు గానీ, ఒక చిన్న బండ గానీ సొంత వాడకానికైతే సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అమ్మకానికైతే లైసెన్సు కావాలి, గోదాము కావాలి, నిప్పు అంటుకుంటే ఆర్పే ఏర్పాటు ఉందని ఫైరు వాళ్ళు రాసిచ్చిన కాగితం కావాలి. ఇవన్నీ ఉన్న పెద్దవాళ్ళ టాంకర్లు ఈ రేవుకు రావు. ఎగువన వంతెన మీదుగా ఎవరూ మూత తీసి వాసన చూడకుండానే సాగిపోతాయి. ఇక్కడికి వచ్చేవి చేతి డబ్బాలు, భుజం మీది బండలు.

గుమాస్తా బల్ల మీద రెండు రబ్బరు ముద్రలుండేవి. ఒకదాని మీద 'సొంతానికి' అని, ఇంకొకదాని మీద 'అమ్మకానికి' అని. మొదటిది వాడి వాడి అరిగిపోయింది. రెండోది కొన్ననాటి నిగారింపుతో అలాగే ఉంది. ఆయన పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. డబ్బా మూత వదులు చేసి వాసన చూస్తాడు. సన్నని గాజు గొట్టం ముంచి, పైన వేలు అదిమి, ఒక చుక్క అద్దుడు కాగితం మీద వదులుతాడు. చుక్క నెమ్మదిగా విచ్చుకుని మచ్చ లేకుండా ఆరిపోతే కిరసనాయిలు. పసుపు జిడ్డు నిలిచిపోతే ఇంజను నూనె. ఆ చుక్క విచ్చుకునేటప్పుడు చూస్తూ కూర్చోవడం ఆయనకు ఇష్టం. నిద్ర పట్టబోయే ముందు కళ్ళలో తిరిగే రంగుల్లా అది మెల్లగా పెరిగి పెరిగి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. తర్వాత మూత బిగించి, గుడ్డతో తుడిచి, చీటీ మీద 'సొంతానికి' అని గుద్ది ఇచ్చేవాడు. ఎందుకు తెచ్చావని ఎవరినీ అడిగేవాడు కాదు. చేతి డబ్బాతో ఎవరు వ్యాపారం చేస్తారు?

ఆ వారం కొత్త ఆఫీసరు వచ్చాడు. ఆయనతో పాటే ఒక కొత్త ఆర్డరూ వచ్చింది. సరుకు తెచ్చిన మనిషి అది దేనికి తెచ్చాడో తన నోటితో చెప్పాలి. చెప్పినదాన్ని బట్టే ముద్ర పడాలి. ఆఫీసరు చిన్నవాడే. కిరసనాయిలు వాసన పడక చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమాస్తా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"సొంతానికా, అమ్మకానికా?" గుమాస్తా మొదటి మనిషిని అడిగాడు. అడుగుతుంటే తనకే సిగ్గేసింది.

"ఇదేం ప్రశ్న గుమాస్తా గారూ? నేనెవరో తెలీదా మీకు?"

"తెలుసయ్యా. నోటితో చెప్పాలట."

"సొంతానికే. అమ్ముదామన్నా మా ఆవిడ గుమ్మం దాటనివ్వదు."

తర్వాత ఒకామె గ్యాసు బండ దింపి నడుం పట్టుకుని నిలబడింది. "సొంతానికి కాకపోతే మా అత్తకి తెస్తానా?" అంది.

"మీ అత్తగారు మీ ఇంట్లోనే ఉంటారా?" అని ఆఫీసరు నిజంగానే అడిగాడు.

"ఉంటుంది బాబూ. అదేగా నా బాధ!"

"అయితే సొంతమే" అన్నాడు ఆఫీసరు. వరసలో అందరూ నవ్వారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన రుమాలు సర్దుకున్నాడు.

అందరి వెనకా దీపం అవ్వ వచ్చింది. రేవుకు కాస్త దిగువన నది మలుపు తిరిగే చోట నీళ్ళలో ఒక బండరాయి ఉంది, దాన్ని ఆనుకుని ఇసుక మేట. సర్కారు వాళ్ళు ఆ రాయి మీద ఒక దీపస్తంభం నిలబెట్టారు గానీ, దాని తలకాయ ఎవరో ఎత్తుకుపోయారు. మొండెం మాత్రం మిగిలింది. దానికి ఎదురుగా గట్టు మీద అవ్వ రేకుల గది. పొద్దు వాలగానే అవ్వ ఒక పెద్ద లాంతరు వెలిగించి కిటికీలో పెడుతుంది. ఆ వెలుగును కుడిచేతి పక్కన పెట్టుకుని వస్తే లాంచీ లోతు నీళ్ళలో ఉన్నట్టు. లాంచీలు నడిపే సరంగులంతా అలాగే వస్తారు. ఇది ఎప్పట్నుంచి అని ఎవరూ అడగరు. నది ఎప్పట్నుంచి అని అడుగుతామా?

గుమాస్తా అవ్వ డబ్బా అందుకుని, చుక్క వదిలి, అలవాటు కొద్దీ ముద్ర కోసం చెయ్యి చాపాడు. ఆఫీసరు చిన్నగా దగ్గాడు.

"సొంతానికా, అమ్మకానికా అవ్వా?"

"ఏంటి నాయనా?"

"ఈ నూనె. దేనికి తెచ్చావో నోటితో చెప్పాలి. కొత్త ఆర్డరు. సొంతానికి అను, అయిపోతుంది."

ఎవరైనా దారి అడిగితే ఆలోచించి చెప్పే మనిషిలా అవ్వ కిటికీ వైపు తిరిగింది. "సొంతానికెందుకు నాయనా? నాకు రేచీకటి. పొద్దు కూకితే దీపం ఉన్నా లేకపోయినా నాకొకటే. వెలిగించి పెట్టేసి పడుకుంటాను."

"అయితే అమ్మకానికా?" అన్నాడు ఆఫీసరు.

"వెలుతురు ఎక్కడైనా అమ్ముతారా బాబూ?"

"మరి దేనికి తెచ్చారు?"

"లాంచీలకి."

"లాంచీలు మీవా?"

"నావెందుకవుతాయి!"

"లాంచీ వాళ్ళు మీకేమైనా ఇస్తారా?"

"ఓసారి చేపనిచ్చారు. నేను తినను, పక్కింటి వాళ్ళకిచ్చేశాను."

ఆఫీసరు రుమాలు కిందికి దించాడు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. "చూడండమ్మా, నిబంధనలో రెండే ఉన్నాయి. మూడోది లేదు. మీరు ఏదో ఒకటి చెప్పాలి."

"రెండూ కాదు కదా బాబూ. పైన దేవుడు వింటుంటాడు, ఏం చెప్పమంటావు?"

గుమాస్తా బల్ల మీదుగా వంగి గుసగుసగా అన్నాడు. "అవ్వా, ఒక్క మాట. ఉట్టి మాట. దానికేం పాపం రాదు."

"పాపం రాదని నువ్వు రాసిస్తావా నాయనా?" అంది అవ్వ. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

డబ్బాను వెనక షెడ్డులో పెట్టమన్నాడు ఆఫీసరు. తాను దాన్ని లాక్కోవడం లేదనీ, ఏదో ఒకటి చెప్పిన రోజున ఆమె తీసుకెళ్ళవచ్చనీ రెండుసార్లు చెప్పాడు. అవ్వ తల ఊపింది. "మూత గట్టిగా బిగించు నాయనా, ఆవిరైపోద్ది" అని గుమాస్తాకు చెప్పి మెట్లు దిగింది. ఖాళీ చెయ్యి ఇంకా డబ్బా పిడిని పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది. భుజం ఒక పక్కకు వంగే ఉంది. మంచు ఆమెను ముందు పాదాల దగ్గర్నుంచి, తర్వాత నడుం దాకా, తర్వాత తలదాకా మింగేసింది.

*

గుమాస్తా ఇంట్లో గ్యాసు అయిపోయి చాలా రోజులైంది. భార్య కరెంటు కాయిలు పొయ్యి మీద వంట చేస్తోంది. అది ఎర్రబడటానికే సగం సాయంత్రం తీసుకుంటుంది, ఎర్రబడ్డాక కరెంటు పోతుంది. ఈ సెలవు రోజున అవతలి ఒడ్డుకు వెళ్ళి బండ తెస్తానని ఆయన మాటిచ్చాడు. ఇన్నేళ్ళలో తన ఇంటి వంతు ఎప్పుడూ తెచ్చుకోలేదు. అందరి డబ్బాలూ వాసన చూసేవాడు తనూ డబ్బా పట్టుకుని వరసలో నిలబడితే బాగుండదని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయంతో నీళ్ళు కూడా కాగవని ఆమె అభిప్రాయం.

అవ్వ సంగతి విని ఆమె గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఒక్క మాట అబద్ధం చెబితే పోయేదేముంది ఆ ముసలమ్మకి? మీరు చెప్పరూ? మొన్న మా అన్నయ్య గృహప్రవేశం తలనొప్పని ఎగ్గొట్టి, ఇంట్లో కూర్చుని పకోడీలు తిన్నారు."

"అది వేరు."

"ఏం వేరు?"

"నిజంగానే కొంచెం నొప్పి పుట్టింది, మీ అన్నయ్య పేరు వినగానే."

ఆమె నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది. కాస్సేపటికి, "మరి ఉన్న నూనె అయిపోతే అక్కడ దీపం ఉండదా?" అంది.

"ఉండదు."

కాయిలు ఎర్రగా అయ్యి, చిన్న చప్పుడుతో మళ్ళీ నల్లగా అయింది.

పొద్దున్నే స్నానం చేసి ఆయన ఎప్పట్లా దేవుడి ముందు కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, రోజూ అడిగేవే అడిగాడు. అమ్మాయి పరీక్ష, భార్య మోకాలు, తన రిటైర్మెంటు దాకా ఏ గొడవా లేకపోవడం. సగంలో ఎవరో పక్కన కూర్చుని అడిగినట్టయింది. సొంతానికా, అమ్మకానికా? ఆయన కళ్ళు తెరిచాడు. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ మూసుకుని తాను అడిగినవన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూసుకున్నాడు. అన్నీ సొంతానికే. ఇన్నేళ్ళుగా ఒక్కటి కూడా వేరే ముద్రకు రాలేదు. దేవుడు మరి ఇన్నాళ్ళూ అడగకుండానే ముద్ర వేసి పంపిస్తున్నాడా? అలా ఎంతసేపు కూర్చున్నాడో, భార్య వచ్చి భుజం తట్టింది. "నిద్రపోయారా, ధ్యానమా?"

"తెలియడం లేదు" అన్నాడాయన.

*

దీపం లేని మొదటి సాయంత్రం లాంచీ ఆలస్యంగా వచ్చింది. గుమాస్తా గది తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మంచులో ఇంజను చప్పుడు దగ్గరికి వచ్చి, నెమ్మదించి, ఆగి, మళ్ళీ మొదలై, దూరమై, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా అన్ని వైపుల నుంచీ వచ్చింది. మధ్యలో సరంగు గొంతు వినబడింది. "అవ్వా! అవ్వా!" మంచు ఆ పిలుపును పట్టుకుని మెత్తగా తిప్పి తిప్పి వదిలింది. అవ్వ పలికిందో లేదో గుమాస్తాకు వినబడలేదు. తెడ్డుతో లోతు చూసుకుంటూ, అంగుళమంగుళం జరుపుకుంటూ వచ్చి చేరారు.

మర్నాడు అంత అదృష్టం లేదు. మలుపు దగ్గర ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోయింది. తర్వాత చాలాసేపు మనుషుల గొంతులు, నీళ్ళ చప్పుడు. లాంచీ ఇసుక మేట ఎక్కేసింది. ఆడవాళ్ళు సంచులు, డబ్బాలు నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గట్టు చేరారు. వాళ్ళు మెట్లెక్కి వస్తుంటే గుమాస్తాకు అది నిజంగా జరుగుతున్నట్టు అనిపించలేదు. తడి బట్టలతో ఒక్కొక్కరే తెల్లదనంలోంచి పుట్టుకొచ్చి, బల్ల ముందు నిలబడి, వణుకుతూ, అలవాటైన పిల్లల్లా తమంత తామే చెబుతున్నారు. "సొంతానికి." "సొంతానికి." "సొంతానికి."

చివర సరంగు వచ్చాడు. చుక్కాని తగిలి నుదుటి మీద చీరుకుపోయింది, తువ్వాలు అదిమి పట్టుకున్నాడు.

"ఎడమ పక్కకి ఇంకొంచెం పోయుంటే ఆ రాయికి గుద్దుకునేవాళ్ళం గుమాస్తా గారూ. అప్పుడు మీకు ముద్ర గుద్దే పని కూడా ఉండేది కాదు."

"కూర్చోవయ్యా. నెత్తురు కారుతోంది."

"అవ్వకి నేనిస్తా నూనె. నా ఇంజను టాంకు నిండా ఉంది."

"అది డీజిలు. లాంతర్లో పోస్తే పొగే." కాసేపాగి గుమాస్తా తగ్గు గొంతుతో చెప్పాడు. "అయినా టాంకులో ఉన్నంతసేపే అది లాంచీది. గిన్నెలోకి తీశావంటే దిగుమతి అయిపోతుంది."

"వంటనూనె పోసి చూసిందట అవ్వ. గాజంతా మసి పట్టింది తప్ప గట్టు దాకా కూడా కనబడలేదు." సరంగు తువ్వాలు తీసి చూసుకుని మళ్ళీ అదిమాడు. "బ్యాటరీ లైటు కట్టాం. చెమ్మకి ఒక్క పూటలో చచ్చింది."

వరసలో ఉన్న ఇంకొకామె డబ్బాతో ముందుకొచ్చింది. "నా డబ్బా తీసుకుపొమ్మనండి. మా అత్త చీకట్లో కూర్చుంటుంది ఒక నెల, ఆవిడకీ బుద్ధొస్తుంది."

"అలా కుదరదమ్మా" అన్నాడు ఆఫీసరు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. "సొంతానికని తెచ్చింది ఇంకొకరికి ఇస్తే బదిలీ కిందకు వస్తుంది. మీ మీద కేసవుతుంది."

అందరూ వెళ్ళాక ఆయన రుమాలు మడత పెడుతూ చాలాసేపు కూర్చున్నాడు. "ఎవరికైనా గట్టి దెబ్బలు తగిలాయా?"

"లేదు సార్. ఆ సరంగుకే."

"ఆ దీపస్తంభం ఏ శాఖది?"

"మనది కాదు సార్."

"నేను పైకి రాశాను. మూడో రకం ఒకటి ఉండాలని రాశాను. దానికి ఏం పేరు పెట్టాలో తెలియక రెండుసార్లు చించేసి మళ్ళీ రాశాను." కిటికీలోంచి బయటకు చూశాడు. బయట చూడటానికేమీ లేదు. "మీరైతే ఏం పేరు పెడతారు?"

గుమాస్తా ఆలోచించాడు. దానం అందామంటే అవ్వ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. సేవ అందామంటే ఆ మాట వింటే ఆమె నవ్వుతుంది. "తెలీదు సార్" అన్నాడు.

"జవాబొచ్చే దాకా మనం చెయ్యగలిగిందేమీ లేదు" అన్నాడు ఆఫీసరు. ఆ 'మనం' అనే మాట పలికేటప్పుడు ఆయన గొంతు తన వయసు కన్నా చిన్నదైపోయింది.

*

సెలవు రోజు పొద్దున గుమాస్తా అటక మీంచి పాత డబ్బా ఒకటి దించి దుమ్ము దులుపుతున్నాడు. భార్య వచ్చి చూసింది. బండ తేవడానికి డబ్బా ఎందుకని అడగలేదు. అందుకుని, వేడినీళ్ళతో కడిగి, బోర్లించి, గుడ్డ దూర్చి లోపల తడి లేకుండా తుడిచింది.

"ఇంకో నెల ఆ కాయిలుతో తంటాలు పడతాను" అంది. "మీ అవ్వ కోసమేం కాదు. రాత్రంతా మీరు మంచం మీద పొర్లుతుంటే నాకు నిద్రలేదు. అందుకు."

"ఒకే ఒక్క చిక్కుంది" అన్నాడాయన. "అక్కడ నన్ను అడుగుతారు."

"అడిగితే చెప్పండి."

"ఏమని?"

"పకోడీలు తిన్నవాళ్ళకి ఆమాత్రం తెలీదా?"

అవతలి ఒడ్డున మంచు లేదు. లాంచీ నది నడుమ దాటగానే ఎవరో దుప్పటి లాగేసినట్టు ఎండ వచ్చింది. ఇన్నాళ్ళూ కిటికీలోంచి ఊహించుకున్న దేశం అది. చూస్తే అక్కడా అలాంటి మెట్లే, అలాంటి కొట్లే, తలుపు దగ్గర నిద్రపోతున్న అలాంటి కుక్కే. కొట్టువాడు పీపాలోంచి నూనె తోడి, గరాటు పెట్టి, గలగలా నింపి, డబ్బా అంచు తుడిచి చేతికిచ్చాడు. దేనికని అడగలేదు. అడగకపోవడం గుమాస్తాకు వింతగా తోచి ఒక క్షణం అక్కడే నిలబడ్డాడు. "ఇంకేమైనా కావాలా?" అన్నాడు కొట్టువాడు. "లేదు" అన్నాడాయన.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ మంచులోకి వచ్చారు. వరసలో నిలబడ్డాడు. గుమాస్తా సెలవులో ఉన్నాడు గనక ఆయన కుర్చీలో ఆఫీసరే కూర్చున్నాడు. గాజు గొట్టం పట్టుకోవడం చేతకాక నూనె చుక్క కాగితం మీద కాక బల్ల మీద పడుతోంది. ఎన్నో ఏళ్ళు తాను కూర్చున్న చోటును ఇవతలి నుంచి చూడటం గుమాస్తాకు కలలా ఉంది. బల్ల ఇంత ఎత్తుగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఇవతల నిలబడిన వాళ్ళకు కూర్చున్నవాడి కళ్ళకన్నా చేతులే ముందు కనబడతాయనీ తెలియదు.

ఆఫీసరు తలెత్తి చూసి నిదానించాడు. చుక్క వదిలాడు. అది విచ్చుకునేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"సొంతానికా, అమ్మకానికా?"

వెనకాల జనం గొడవ పడుతున్నారు. ఎవరో తుమ్మారు. ఉట్టి మాట, దానికేం పాపం రాదు అని అవ్వతో చెప్పడం ఎంత తేలికో, ఆ మాట తానే అనడం ఎంత బరువో గుమాస్తాకు అప్పుడు తెలిసింది.

"సొంతానికి" అన్నాడు.

ఆఫీసరు ఆయన ముఖంలోకి చూశాడు. తెలిసిందో లేదో తెలియదు. ముద్ర తీసుకుని, ఇంకులో అదిమి, చీటీ మీద గుద్దాడు. తలకిందులుగా పడింది.

*

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. గట్టు మీద గడ్డి తడిసి మెత్తగా ఉంది. అవ్వ రేకుల గది గుమ్మంలో కూర్చుని చెవులతో నదిని చూస్తున్నట్టు తల ఒక పక్కకు వాల్చి ఉంది. అడుగుల చప్పుడు కన్నా ముందు ఆమెకు వాసన తెలిసింది.

"నూనె" అంది.

"నేనవ్వా. గుమాస్తాని."

"నా డబ్బా వదిలేశారా?"

"లేదు. ఇది నేను తెచ్చాను. మా ఇంటి వంతు." ఆయన డబ్బాను ఆమె పక్కన దింపాడు. చెయ్యి తేలికైంది. మనసు కూడా తేలికవుతుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. "నీ లాంతరుకి."

అవ్వ డబ్బాను ముట్టుకోలేదు. "బల్ల దగ్గర ఏమని చెప్పావు?"

"ఏముందిలే అవ్వా."

"ఏమని చెప్పావు నాయనా?"

"సొంతానికని చెప్పాను."

అవ్వ తల ఊపింది. దూరంగా అవతలి ఒడ్డు నుంచి ఆఖరి లాంచీ బయల్దేరిన చప్పుడు, చెవిలో దూది పెట్టుకుని విన్నట్టు, లీలగా వచ్చింది.

"మరైతే నాకెట్లా ఇస్తావు? నేను పుచ్చుకుంటే నీ మాట అబద్ధమైపోదా?"

"పోనీ అవ్వా. ఆ అబద్ధం నాది. నేను పడతాను."

"నువ్వెందుకు పడాలి? చిన్నపిల్లాడివి కాదు, ఇల్లూ వాకిలీ ఉన్నవాడివి, పొద్దున లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడివి." చెయ్యి నేలకు ఆనించి మెల్లగా లేచింది. గుమాస్తా మళ్ళీ డబ్బా పిడి పట్టుకున్నాడు. ఈమె దీన్ని కూడా వెనక్కి పంపేస్తుంది, ఈ రాత్రి కూడా నది చీకటిగానే ఉంటుంది, ఆ రాయి ఇంకొంచెం దగ్గరకు జరుగుతుంది అనుకున్నాడు. అవ్వ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని, గోడకు ఆనుకుని, దారిచ్చింది.

"నీ సొంతమన్నావుగా. అయితే నువ్వే వెలిగించుకో."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలి లాంతరు వైపు చూశాడు.

"నాకు రాదవ్వా."

"లాంతరు వెలిగించడం రాదా? గాజు మసిగా ఉంది, ముందు అది తుడువు. బల్ల కింద పాత గుడ్డ ఉంటుంది."

గది లోపల కిటికీ తప్ప చెప్పుకోవడానికేమీ లేదు. కిటికీ మాత్రం గోడకన్నా పెద్దదిగా తోచింది. ఆయన చొక్కా చేతులు మడిచి, గాజు తీసి, గుడ్డ లోపలికి దూర్చి తిప్పాడు. వేళ్ళు నల్లబడ్డాయి. గరాటు లేదు. డబ్బా వంచి, ఊపిరి బిగబట్టి, సన్నటి ధారగా పోశాడు. కొంచెం ఒలికింది. వత్తి ముక్కు మాడి గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గిల్లి, తడిసేదాకా ఆగాడు. ఆగడం కష్టమైంది. ఇన్నేళ్ళూ ఆయన నూనెను ఒక్క చుక్క ఆరేంతసేపు కన్నా ఎక్కువ చూసింది లేదు. అగ్గిపుల్ల మొదటిది ఆరిపోయింది, రెండోది ఆరిపోయింది. మూడోది వత్తి మీద నీలంగా కూర్చుని, ఆలోచించుకుని, పసుపుగా లేచింది. గాజు దింపాడు. కిటికీ బయట మంచు మీద బంగారపు మరక ఒకటి పడి, విచ్చుకుంటూ, విచ్చుకుంటూ నదిలోకి జరిగింది.

"వెలిగిందా?" గోడ దగ్గర్నుంచి అడిగింది అవ్వ. చీకటి పడింది. ఆమె కళ్ళు ఆ వెలుగు వైపు లేవు.

"వెలిగింది."

"కొంచెం తగ్గించు. పొగ పడుతుంది."

తగ్గించాడు. "ఇక నేను వెళ్ళొస్తానవ్వా. మా ఇంట్లో చూస్తుంటుంది."

"వెళ్ళిరా. రేపు పొద్దు వాలకముందే రా."

"రేపా?"

"డబ్బా నిండా ఉంది కదా నాయనా. అంతా నీదే." అవ్వ చాప మీద పడుకోవడానికి చోటు తడుముకుంటూ అంది. "నాకు మోకాళ్ళు కూడా నొప్పిగానే ఉంటున్నాయి."

ఆయన కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. రోజూ పొద్దు వాలే వేళకు గట్టెక్కి ఇక్కడికి వచ్చి, దీపం పెట్టి, ఆఖరి లాంచీ కోసం మళ్ళీ సుంకం గదికి పరుగెత్తడం. ఇంటికి ఆలస్యంగా చేరడం. చేతికి ఎప్పుడూ ఈ వాసన. భార్యకు ఏం చెప్పాలి? ఆమె ఏమంటుందో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఒక్క మాట అన్నాడు, అంతే. ఆ మాట ఇంత పొడుగ్గా ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇంజను చప్పుడు దగ్గరయింది. మలుపు దగ్గర ఎప్పుడూ వెతుక్కునే చోట అది ఆగలేదు, నెమ్మదించలేదు. నీళ్ళను కోసుకుంటూ తిన్నగా వచ్చింది. ముందు ఒక నీడ, తర్వాత లాంచీ ముక్కు, తర్వాత అటూ ఇటూ ఒత్తుకుని నిలబడ్డ మనుషులు. అందరి ముఖాలూ ఒకేసారి కిటికీ వైపు తిరిగి, అందరి మీదా కాసింత పసుపు పడింది. వాళ్ళలో ఎవరెవరు తన బల్ల ముందు నిలబడేవాళ్ళో గుమాస్తా పోల్చుకోలేకపోయాడు. అందరూ ఒక్కలాగే ఉన్నారు.

"అవ్వా!" నుదుటికి కట్టుతో సరంగు చుక్కాని దగ్గర్నుంచి కేక పెట్టాడు. "అవ్వా, ఉన్నావా?"

గుమాస్తా వెనక్కి తిరిగి చూశాడు. అవ్వ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నిద్రపోయిందనే అనుకున్నాడు.

"పలుకు నాయనా" అంది కళ్ళు తెరవకుండానే. "పలక్కపోతే వాడు కంగారుపడతాడు."

లాంచీ ఆయన ముందు నుంచే సాగిపోతోంది. ఆయన మసి చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుని, గొంతు సవరించుకుని, బయటికి వంగాడు.

"ఉన్నాను" అన్నాడు. మంచులో అది సరిగా వినబడలేదేమోనని, ఈసారి గట్టిగా కేక పెట్టాడు. "ఉన్నాను! పోనియ్యి!"